ఎనభై ఏడో పేజీ

డెబ్భై తొమ్మిదో పేజీ చదువుతున్న బస్ కండక్టరు గురుత్వాకర్షణ అన్న మాట దగ్గర మూడుసార్లు నాలుక మడతపడి, నాలుగోసారి స్టాపు పేరు అరిచినట్టు గట్టిగా అనేసి గట్టెక్కాడు, హాలంతా నవ్వింది, ముందు వరసలో ఈ పుస్తకం రాసిన మేడమ్ కూడా నవ్వింది, నవ్వనీ, ఇంకో ఎనిమిది పేజీలు నవ్వనీ, ఎనభై ఏడో పేజీ నాది, వేదిక పక్కన వేసిన ఎనిమిది కుర్చీల్లో చివరిదాంట్లో కూర్చున్నాను, ఒకరు లేచి మైకు దగ్గరికి వెళ్ళగానే మిగతావాళ్ళం తలా ఒక కుర్చీ ముందుకు జరగాలి, ఆదివారం మంగలి షాపులో జరిగినట్టు, ఒళ్ళో చేతిసంచి, సంచిలో పుస్తకం, పుస్తకంలో నా పేజీ దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళ నాటి గులాబీ కాగితం, మడతల దగ్గర అరిగి నూగు తేలింది కానీ కింద మేడమ్ సంతకం మాత్రం నిన్న పెట్టినట్టే ఉంది.

ఇదంతా నా కోడలి చలవ, పాపం దానికేం తెలియదు, కోడలు ఊరి గ్రంథాలయ అధికారి, అంతరిక్ష శాస్త్రంలో ఆడవాళ్ళు చేసిన పని గురించి ఊరంతా ఒకే పుస్తకం చదవాలని మూడు నెలలుగా కాలికి బలపం కట్టుకుని తిరిగింది, బేకరీలో అదే పుస్తకం, బస్ డిపోలో అదే, ఆసుపత్రి వరండాలో అదే, చివరికి ఈ రోజు పొద్దున తొమ్మిదింటి నుంచి రెండు వందల పద్నాలుగు పేజీలు, రెండు వందల పద్నాలుగు మంది, మనిషికో పేజీ, రాసిన మనిషి ఎదురుగా, ఏ పేజీ ఎవరికన్నది చీటీలు తీశారు, నాకు పన్నెండు వచ్చింది, మేడమ్ చిన్నప్పుడు డాబా మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టిన పేజీ, ఎవరికి కావాలి ఆ చుక్కలు, ఎనభై ఏడు మందుల షాపాయనకి వచ్చిందని తెలిసి వెళ్ళి అడిగాను, బాబూ నాకు మధ్యాహ్నమైతే వీలు, మార్చుకుందామా అని, ఆయన చుక్కల పేజీ దొరికిందని సంబరపడ్డాడు, పిచ్చి మారాజు, కోడలేమో అత్తయ్యా, మైకంటేనే మీకు చెమటలు కదా, మీరు చదవడమేంటి అంది, అందుకేనమ్మా, ఈ వయసులోనైనా భయం పోగొట్టుకుందామని అన్నాను, అబద్ధం ఎంత తియ్యగా వచ్చిందో నోటికి.

ఎనభయ్యో పేజీ పళ్ళ డాక్టరుది, చకచకా చదివేస్తోంది, ఒక కుర్చీ జరిగాను, పొద్దున గుమ్మం దగ్గర కోడలు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మేడమ్, మా అత్తయ్య అని పరిచయం చేసింది, అప్పుడనుకున్నాను, చూస్తుంది, గుర్తుపడుతుంది, మొహం మాడుతుంది అని, ఆవిడ కళ్ళజోడు సవరించుకుని నమస్తే అండీ, మీరేం చేస్తుంటారు అంది, కుడతానండీ అన్నాను, ఆ ఒక్క మాటకైనా ఏదో ఒకటి గుర్తుకి రావాలి కదా, రాలేదు, చాలా మంచిదమ్మా, చేతిలో విద్య ఉండాలి అని భుజం తట్టి పోయింది, నా భుజం, ఆరేళ్ళు ఆవిడ గీసిన గీతల మీద వంగి వంగి పట్టేసిన భుజం, అదింకా మండుతోంది.

కుట్టింది ఏమన్నా జాకెట్లా, అంతరిక్ష కేంద్రంలో ఉపగ్రహానికి బొంత కుట్టాం, మేడమ్ కాగితాల్లో దాన్ని ఉష్ణకవచం అనేవారు, మా కుట్టు గదిలో నలుగురు ఆడవాళ్ళం బొంత అనేవాళ్ళం, వెంట్రుక కంటే పల్చటి మెరుపు రేకులు పదిహేను పొరలు, పొరకీ పొరకీ మధ్య దోమతెర లాంటి వల, చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ, ఎండవైపు మాడకుండా నీడవైపు గడ్డకట్టకుండా అంత పెద్ద యంత్రానికీ మేం కప్పే బొంత, పొడుగుది రేకులు పరిచేది, నేను కుట్టేదాన్ని, పొడుగుదంటే నాకంటే రెండేళ్ళు చిన్నది, మనిషి పేరుకు తగ్గట్టు తాటిచెట్టంత, నన్ను అక్కా అనేది, ఇప్పటికీ అంటుంది, అదిగో మూడో వరసలో చేతికర్ర కాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చుంది, నేను పిలిస్తే రెండు బస్సులు మారి వచ్చింది, ఆ గది మూసేశాక ఆసుపత్రి బట్టలు ఉతికే చోట చేరి ఇరవై రెండేళ్ళు నిలబడే పని చేసింది, కాళ్ళ నరాలు తాళ్ళలా తేలిపోయాయి, ఎప్పుడు కలిసినా ఇద్దరం మేడమ్‌ని తిట్టుకోనిదే లేవం, ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగకూడదు, ఆవిడ కుర్చీ కోళ్ళు విరగాలి, తిట్లు అయిపోతే మళ్ళీ మొదటి నుంచి.

ఎనభై రెండు, కుర్చీ జరిగింది, ఇప్పుడు మేడమ్ మొహం పక్కనుంచి బాగా కనపడుతోంది, ముసలిదైంది, మెడ వేలాడింది, అయితే ఏం, ఆ పెన్ను పట్టుకునే తీరు మారలేదు, ఆ రోజు కూడా అలాగే పెన్ను తిప్పుతూ కూర్చుంది, మా పనిలో ఒక పద్ధతి ఉండేది, అనుమానం వస్తే నోటితో అడగకూడదు, పని చీటీ మీద రాయాలి, ఇంజినీరు కింద జవాబు రాసి సంతకం పెట్టాలి, పై కాగితం ఆఫీసుకి, గులాబీ కాపీ మాకు, నేను రాశాను, బొంతని గాలి తీసేసే గదిలో పెట్టి పరీక్షిస్తారు కదా, పొరల మధ్య చిక్కుకున్న గాలి పోవడానికి సూది రంధ్రాలు వెయ్యమంటారా అని, అదేం పెద్ద చదువు కాదు, దారిలేని గాలి ఉబ్బుతుంది, మూత బిగించి పొయ్యి మీద పెట్టిన గిన్నె ఏమవుతుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు, మేడమ్ చీటీ చదివి, రంధ్రాల్లోంచి వేడి పోతుంది, ఆ మాత్రం నాకు తెలీదనుకున్నావా, సూది నీది, బుర్ర నాది అంది, అందరి ముందూ, కుర్ర ఇంజినీర్లు కిసుక్కుమన్నారు, అవసరం లేదు అని రాసి సంతకం గీకింది, గదిలోకి వచ్చాక పొడుగుది వదిలెయ్ అక్కా, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంది, వదిలేశాను, నోటికి వదిలేశాను, లోపల వదల్లేదు, సూది నీది బుర్ర నాది, బస్సులో అదే, వంట చేస్తుంటే అదే, నాలుగేళ్ళ పిల్లాడికి తల దువ్వుతుంటే అదే, ఎంత గట్టిగా దువ్వానో వాడు ఏడ్చాడు.

పరీక్ష రోజు పొద్దున్నే నేను బొంత దగ్గరికి వెళ్ళి, అబ్బ ఈ ఫ్యాను తిన్నగా నెత్తి మీదే తిరుగుతోంది, ఎనభై నాలుగో పేజీ ఎవరిదో, బేకరీ ఆవిడది, గొంతు బాగుంది, పదకొండు గంటలకి బొంత చిరిగింది, గాజు కిటికీలోంచి అందరం చూశాం, పొట్ట ఉబ్బినట్టు ఉబ్బి, కుట్టు వెంబడి ఫట్టుమని, మెరుపు రేకు తునకలు గదంతా, వారం తిరక్కుండా విచారణ, ఆఫీసు దగ్గరున్న పై కాగితం మాయం, కుట్టు సరిగా లేదని తేల్చారు, నన్ను పొమ్మన్నారు, నెల తిరక్కుండా గదికే తాళం వేసి, బొంతలు బయట కుట్టించుకుంటామని మిగతా ముగ్గురినీ పంపేశారు, చేసింది ఒకరు, మోసింది నలుగురం, ఇంట్లో మాత్రం పిల్లాడిని చూసుకోవాలని మానేశానని చెప్పాను, అదే కోడలికీ తెలుసు, మా అత్తయ్య బిడ్డ కోసం అంతరిక్షాన్ని వదులుకున్నారు అని ఎవరికో చెబుతుంటే విన్నాను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అత్తయ్యా నీళ్ళు తాగుతారా అని కోడలు వచ్చి గ్లాసు ఇచ్చింది, కళ్ళ కింద నలుపు, మూడు నెలల నిద్ర బాకీ, చెవి దగ్గర వంగి, అంతా ఎంత బాగా జరుగుతోందో కదా, మేడమ్ మన ఊరిని ఎప్పటికీ మర్చిపోనన్నారు అంది, మర్చిపోదులే తల్లీ, నేను మర్చిపోనివ్వను, దీని కార్యక్రమం దీని కళ్ళ ముందే రచ్చ చెయ్యబోతున్నాను, అయినా సరే, ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆగాను, పిల్లాడి చదువని ఆగాను, మొగుడి జబ్బని ఆగాను, ఇంకా ఎవరి కోసం ఆగాలి, ఎనభై ఆరో పేజీ పోస్టుమాను లేచాడు, పక్కన కుర్చీలన్నీ కొత్తవాళ్ళతో నిండాయి, నేను మొదటి కుర్చీలో ఉన్నాను, పెళ్ళిరోజు కూడా ఇంత తయారుగా లేను.

మైకు ఇనుము వాసన, దీపాలు కళ్ళలోకి, చదివాను, నా గొంతే నాకు కొత్తగా ఉంది, ఆ ఏడాది మాకు పెద్ద ఎదురుదెబ్బ తగిలింది, ఒక కుట్టుపనామె అజాగ్రత్త వల్ల ఉష్ణకవచం పరీక్షలో చిరిగిపోయింది, ప్రయోగం ఏడు నెలలు వెనక్కి పోయింది, ఆ రోజులే నాకు ఓర్పు నేర్పాయి, ఓర్పట ఓర్పు, పుస్తకం మూసేశాను, ఆ కుట్టుపనామె నేనే అన్నాను, గులాబీ కాగితం విప్పి దీపం కింద పట్టుకుని నేను అడిగింది చదివాను, కింద ఆవిడ రాసింది చదివాను, తేదీ చదివాను, సంతకం ఇదిగో మేడమ్, వచ్చి చూసుకోండి, సూది నాదే, బుర్ర ఎవరిదో వీళ్ళని చెప్పమనండి అన్నాను, అబ్బ, ఆ ఒక్క మాట, ఎన్ని మధ్యాహ్నాలు వంటింట్లో గోడకి చెప్పుకున్నానో ఆ మాట, చివరికి ఆవిడ చెవిలోనే వేశాను, మేడమ్ మొహంలో రక్తం లేదు, కళ్ళజోడు తీసింది, పెట్టుకుంది, నన్ను చూసింది, ఇప్పుడు గుర్తుపట్టింది, కోడలు తలుపు దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

దెబ్బలాడుతుందనుకున్నాను, దొంగ కాగితం అంటుందనుకున్నాను, దానికీ జవాబులు ఉన్నాయి నా దగ్గర, పదునుపెట్టి ఉంచాను, ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లిగా లేచి, అది నా సంతకమే అంది, పై కాగితం చించేసింది కూడా నేనే, నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను, తప్పు నాది, ఈమెది కాదు, ఈ పేజీ మార్చి రాస్తాను అంది, అంతే, అంత సులువుగా, నా పదునంతా చేతిలోనే ఉండిపోయింది, ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, కండక్టరే అనుకుంటా, ఆ తర్వాత హాలంతా, మనుషులు లేచి నిలబడి నా వైపు తిరిగి, మందుల షాపాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఇదే, ఇదే కావాల్సింది నాకు, పొడుగుదేదీ, అది కర్ర మీద లేచి నిలబడింది, దాని తల అందరికంటే పైన, అది మాత్రం చప్పట్లు కొట్టడం లేదు, నా చేతిలో కాగితం వైపే చూస్తోంది, చప్పట్లు తగ్గాక అక్కా, ఆ కాపీ నీ దగ్గరే ఉందా ఇన్నేళ్ళూ అంది, కోపంగా కాదు, అర్థంకాక అడిగినట్టు, ఇది చూపిస్తే గది మూసేవాళ్ళు కాదు కదక్కా, మరి అప్పుడెందుకు చూపించలేదు.

ఎందుకు చూపించలేదు, ఎవరూ అడగలేదని చెప్పుకున్నాను, భయమని చెప్పుకున్నాను, ఇప్పుడు మేడమ్ తప్పు ఒప్పేసుకుంది, ఇక దాని వెనక దాక్కోవడానికి లేదు, పరీక్ష రోజు పొద్దున్నే కుట్టినవాళ్ళకి బొంత దగ్గర పది నిమిషాలు ఒంటరిగా ఇచ్చేవారు, చివరి తనిఖీకి, ఏ లోపం కనపడినా తలుపుకి ఎర్ర బిళ్ళ తగిలిస్తే చాలు, పరీక్ష ఆగిపోవాలి, డైరెక్టరు చెప్పినా జరగదు, ఆ హక్కు ఇంజినీర్లకి కాదు మాకే ఉండేది, ఎర్ర బిళ్ళ నా కోటు జేబులో ఉంది, వేళ్ళకి తగులుతూనే ఉంది, ఇది చిరుగుతుందని నాకు పొద్దుటికి ఎండ వస్తుందన్నంత ఖాయంగా తెలుసు, పదో నిమిషం దాకా గడియారం చూస్తూ కూర్చుని అంతా సరిగ్గా ఉంది అని చేవ్రాలు చేసి బయటికి వచ్చాను, చిరగనీ, అందరి ముందూ చిరగనీ, అప్పుడు చూద్దాం బుర్ర ఎవరిదో, అని నవ్వుకున్నాను కూడా, అత్త మీద కోపం దుత్త మీద చూపించాను, చీటీ బయటపెడితే ముందే తెలిసీ బిళ్ళ ఎందుకు తగిలించలేదని అడుగుతారు, అందుకే మడిచి దాచాను, ఇన్నేళ్ళూ మేడమ్‌ని తిట్టే ప్రతిసారీ పొడుగుది నా చెయ్యి పట్టుకుని నాతో పాటు తిట్టింది, ఇప్పుడు కర్ర మీద నిలబడి జవాబు కోసం చూస్తోంది, అజాగ్రత్త కాదు, ఆ రోజు నాకంటే జాగ్రత్తగా ఉన్న మనిషి ఆ కేంద్రంలోనే లేదు, బొంత చిరిగితే పగ తీరుతుందనుకున్నాను, పొడుగుదాని కాళ్ళు అరిగిపోయాయి, ఆ గదికి తాళం వేయించింది మేడమ్ ఒక్కతే కాదు, నేను కూడా.