వర్జిల్ జేబులోని చాకు

నా భర్త వర్జిల్ చలికోటును నేను చర్చివాళ్ల దానాల బట్టల పెట్టెలో వేసి వచ్చిన రోజునే అతని చాకు కూడా పోయింది. ఆ మంగళవారం నాకు ఆ సంగతి తెలియదు. కోటు మడతపెట్టేటప్పుడు జేబులు చూడలేదు. చూస్తే ఇవ్వలేనేమోనని భయపడ్డాను.

ఆదివారం భోజనాలయ్యాక మామయ్య ఆన్సిల్ బల్ల మీదుగా చెయ్యి చాచారు.

"వాడి చాకు ఏదమ్మాయ్? నా దగ్గర ఉంచుకుంటా."

"ఇంట్లో ఉంది మామయ్యా, వచ్చే వారం తెస్తా," అన్నాను.

మామయ్యకు ఎనభై ఏడేళ్లు. కొడుకు పోయి అప్పటికి ఏడు వారాలు. అతని వస్తువుల్లో ఆయన నన్ను ఇంకేదీ అడగలేదు. ఇంటికి వచ్చి సొరుగులన్నీ వెతికాక కోటు గుర్తొచ్చింది. చర్చికి ఫోన్ చేశాను. బట్టలు గురువారమే లారీలో తూర్పు కొండల్లోని వరద ఊళ్లకు వెళ్లిపోయాయట. ఏ పెట్టె ఎక్కడ దించారో రాసి పెట్టలేదట.

రెండో ఆదివారం మళ్లీ అడిగారు. మర్చిపోయానన్నాను. నా తరగతిలో హోంవర్కు ఇంట్లో మర్చిపోయామనే పిల్లల ముఖాల్లో ఏం కనిపిస్తుందో నాకు బాగా తెలుసు. మామయ్యకు కూడా అదే కనిపించి ఉంటుంది.

శనివారం డాయిల్ కొట్టుకు వెళ్లాను. మేకుల డబ్బాలు, కోళ్ల దాణా బస్తాలు దాటితే వెనక అద్దాల బీరువాలో చాకులు ఉంటాయి. డాయిల్, వర్జిల్ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. అలాంటి చాకే ఒకటి కొని మామయ్య చేతిలో పెడదామనుకున్నాను.

"ఏం కావాలి టీచర్‌గారూ?"

"మడత చాకు. మామూలుది. రోజూ జేబులో వేసుకునేది."

"ఎన్ని బ్లేడ్లది?"

నాకు తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లపాటు ఆ చాకుతో కోసిన ఆపిల్ ముక్కలు తిన్నాను. అయినా తెలియదు. మా వైపు ఒకరు తెరిచిన చాకును ఇంకొకరు మూయకూడదు, అరిష్టం అంటారు. నేను నమ్మను. అలాగని ఎప్పుడూ మూయనూ లేదు. దారం తెంపాల్సి వస్తే వర్జిల్ ఒక బ్లేడు తెరిచి ఇచ్చేవాడు. పని కాగానే తెరిచి ఉన్నట్టే తిరిగి ఇచ్చేదాన్ని. అతనే మూసుకునేవాడు. నేను చూసింది ఎప్పుడూ ఆ ఒక్క బ్లేడే. లోపల ఇంకా ఎన్ని ఉండేవో అడగాలని ఒక్కసారీ తోచలేదు.

డాయిల్ ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పరిచాడు. "ఇది మూడు బ్లేడ్లది. పొడుగుది అన్ని పనులకీ, ఈ మొద్దు ముక్కుది తాళ్లు కొయ్యడానికి, చిన్నది ముల్లు తియ్యడానికి. ఇది రెండు బ్లేడ్లది, వేటకెళ్లేవాళ్లు కొంటారు. ఇది నాలుగు."

"నాలుగుది కొనకండి టీచర్‌గారూ," అన్నాడు స్టవ్ పక్కన కూర్చున్న పొగాకు రైతు హోబర్ట్. "నాది పన్నెండేళ్లుగా ఉంది. రెండే తెరిచా. మిగతా రెండూ లోపల బతికున్నాయో లేదో."

"రెండైనా ఎందుకు తెరిచావు? పని చేసే మొహమా నీది?" అన్నాడు డాయిల్. నా వైపు తిరిగి, "ఆ జింక కొమ్ము పిడిది నూట నలభై డాలర్లు. దాన్నెవరూ జేబులో వేసుకోరు, సొరుగులో పెట్టి మురిసిపోతారు. వాడుకోడానికైతే ఈ పసుపు పిడిది, ముప్పై ఎనిమిది. ఉక్కు నల్లబడుతుంది గానీ పదును నిలుస్తుంది."

అన్నీ ఒకేలా కనిపించాయి. కాసేపటికి ఏ రెండూ ఒకేలా కనిపించలేదు.

"వర్జిల్‌కి పన్నెండో ఏట వాళ్ల నాన్న ఇచ్చిన చాకు మీకు గుర్తుందా?" అని అడిగాను.

"ఎందుకు లేదు! పసుపు పిడి, మూడు బ్లేడ్లు. అచ్చం ఇదే."

ఊపిరి పీల్చుకున్నాను. హోబర్ట్ నవ్వాడు.

"అది వర్జిల్ దగ్గర ఎక్కడుందండీ? కోర్టు మెట్ల మీద పిడికిలి బేరంలో పోయిందిగా! నాకే వచ్చింది."

ఇద్దరు చెరొక చాకును పిడికిట్లో దాచి, చూడకుండా మార్చుకోవడమే పిడికిలి బేరం. ఆ తర్వాత ఏడ్చినా లాభం లేదు.

"మరి అదిప్పుడు మీ దగ్గరుందా?"

"మరో పిడికిట్లో పోయింది. వర్జిల్ ఆ తర్వాత ఎన్ని మార్చాడో. ఆఖరుది ఎముక పిడిది."

"నల్ల పిడిది," అన్నాడు డాయిల్.

"ఎముకదిరా బాబూ. నా కళ్లతో చూశా."

"నీ కళ్ల సంగతి నీ ట్రాక్టరు తగిలిన కరెంటు స్తంభాన్ని అడుగు."

నా జ్ఞాపకంలో పిడి గోధుమరంగు. అది పిడి రంగో, పట్టుకున్న వేళ్ల రంగో తేల్చుకోలేకపోయాను. వర్జిల్ జేబులో వేసుకున్నది కొనాలా, మామయ్య గుర్తుపట్టేది కొనాలా? వేసుకున్నది ఏదో ఎవరికీ తెలియదు కాబట్టి పసుపుదే కొన్నాను. ఇంటికి వచ్చి, పాతదిలా కనిపించాలని బ్లేడ్లను వెనిగర్‌లో నానబెట్టి నల్లబరిచాను. పిడిని బూడిదతో రుద్దాను.

ఆదివారం మామయ్య దాన్ని తీసుకుని మూడు బ్లేడ్లూ వరసగా తెరిచారు. స్ప్రింగు చప్పుడు విన్నారు.

"ఇది వాడికి నేనిచ్చినదానిలాంటిది," అన్నారు.

"అవును మామయ్యా."

"అది వాడు ఎప్పుడో హోబర్ట్‌గాడితో మార్చేశాడు. ఆ సాయంత్రమే వచ్చి చెప్పాడు. మూడు రోజులు మాట్లాడలేదు నేను. నాలుగో రోజు వాడితో నేనే పిడికిలి బేరం ఆడా." మూడు బ్లేడ్లూ మూసి చాకును నా కంచం పక్కన పెట్టారు. "ఇది కాదమ్మాయ్. వాడు పోయిన రోజు ఒంటి మీదున్నది కావాలి. తుప్పు పట్టినా సరే."

"అదెలా ఉంటుంది మామయ్యా?"

ఆయన నన్ను వింతగా చూశారు. "నాకేం తెలుసు? వాడితో ఉన్నది నువ్వు కదా."

కంచం పక్కనున్న చాకును తీసి నా సంచిలో వేసుకున్నాను.

"వచ్చే వారం తే," అన్నారు.

"సరే," అన్నాను.

కోటు సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.