నోటిమీద వేలు

ఆళ్లగడ్డలో ఆర్టీసీ కండక్టరు దేవరాజుకు లేకలేక ఆడపిల్ల పుడితే, అతని తల్లి ఏసమ్మ ఏరికోరి సువార్త అని పేరు పెట్టింది. సువార్తంటే మంచి కబురు. ఆ కబురు కాస్తా నాలుగేళ్లు నిండినా నోరు విప్పలేదు. చెవులు బాగానే వినిపిస్తాయి. పిలిస్తే వస్తుంది, నవ్వుతుంది, అలుగుతుంది. మాట మాత్రం లేదు. వీధిలో వాళ్లకు పొద్దు పోవద్దూ! "ఏం హన్నమ్మా, మీ సువార్త ఏమంటాంది?" అని పిల్ల తల్లిని అడిగి ముసిముసిగా నవ్వేవాళ్లు. ఆ నవ్వు విన్నప్పుడల్లా హన్నమ్మ పిల్లను చంకనేసుకుని లోపలికి పోయేది.

పక్క వీధిలో ఖాసింబి బాలవాడి నడిపేది. మగడు పోయాక మహిళామండలి వాళ్లు ఇప్పించిన పని. ఒక రేకుల గది, రెండు చాపలు, పాతికమంది పిల్లలు, పొయ్యి మీద గోధుమరవ్వ ఉప్మా. ఆ గదిలో గోల వీధి చివరిదాకా వినిపించేది. నలుగురిలో పడితే మాటొస్తుందేమోనన్న ఆశతో హన్నమ్మ ఏడాదిగా పిల్లను అక్కడికే పంపుతోంది.

డెబ్బైతొమ్మిది జూన్‌లో ఒక ఆదివారం అందరూ చర్చికి పోయివచ్చి అన్నానికి కూర్చున్నారు. ఏసమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆవిడ ప్రార్థన ముగిసేలోపు అన్నం చల్లారిపోవడం ఆ ఇంట్లో మామూలే. చివరికి అందరూ "ఆమెన్" అన్నారు. అప్పుడు సువార్త ముద్ద చేతబట్టుకుని, గంట కొట్టినట్టు, "బిస్మిల్లా" అంది.

హన్నమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. బిడ్డ మాట్లాడింది! అత్త మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాలుగేండ్లు మోకాళ్లు అరిగేట్టు ప్రార్థన చేసినా," అంది ఏసమ్మ. "దేవుడు నోరిస్తే, తెరిచి తెరిచి ఇదా అనేది? ఇంగ ఈ పిల్ల ఆ బాలవాడి గడప తొక్కితే నేను ఈ ఇంట్లో చుక్క నీళ్లు ముట్టను."

దేవరాజుకు ఆ మాట పట్టింపు లేదు. అతని ఆలోచన వేరు. "నంద్యాలలో చిన్నపిల్లలకు కొత్తగా ఇంగ్లీషు బడి పెట్టినారు. మంచి బడంట. పొద్దున నా బస్సులోనే తీస్కపోతా, సాయంత్రం నేనే తెస్తా. రానూ పోనూ తండ్రి కండ్ల ముందరే ఉంటాది. ఇంగేం కావల్ల?"

నిజమే, ఇంకేం కావాలి? మరునాడు హన్నమ్మ ఉండబట్టలేక బాలవాడికి పోయి నిలదీసింది.

"ఏందక్కా, మా పిల్లకు ఏం నేర్పిస్తాండావ్?"

ఖాసింబి గరిటె పక్కన పెట్టింది. "నేను నేర్పిస్తే నేర్చుకుండేదా? 'అమ్మా' అనమని ఏడాది చెప్పినా. మీ ప్రార్థన కూడా చెప్పిచ్చినా, పలకలా. నేను తినేముందు అల్లా పేరు తల్చుకోని నాకోసరం నేను అనుకునే మాట అది. నా పక్కన కూచోని నా నోరే చూసేది. ఒగనాడు అనేసింది. ఆ పొద్దు నాకు అన్నం దిగలా హన్నమ్మా, సంతోషంతో. నీకు చెబ్దామంటే, ఏమనుకుంటావోనని బయపడితి." ఆగి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "తీస్కపోవల్లంటే తీస్కపో. నేను ఏమీ అనుకోను."

అనుకుంటుందని ఆ మొహమే చెబుతోంది. హన్నమ్మ తలవంచుకుని ఇంటికొచ్చింది. పిల్లకు ఇంకో మాట రాలేదు. అన్నం ముందు ఆ ఒక్క మాటే. అది విన్నప్పుడల్లా ఏసమ్మ మొహం తిప్పుకునేది, హన్నమ్మ మాత్రం ఆ మాట కోసమే కంచం పెట్టేది.

బుధవారం దేవరాజు, హన్నమ్మ, పిల్ల ముగ్గురూ నంద్యాల వెళ్లారు. దేవరాజు బస్సు అక్కడ గంటసేపు ఆగుతుంది. బడి అద్దంలా ఉంది. బల్లల మీద నలభైమంది పిల్లలు, అందరూ నోటిమీద వేలేసుకుని కూర్చున్నారు. చిటుక్కుమన్న చప్పుడు లేదు.

"మా దగ్గర అల్లరి ఉండదండీ," అంది పెద్ద టీచరు కమలాక్షమ్మ, ఎంతో ఆప్యాయంగా. "పాపా, నీ పేరేమిటి?"

సువార్త ఆవిడను చూసింది, పిల్లలను చూసింది. మెల్లగా వేలెత్తి నోటిమీద పెట్టుకుంది.

"చూశారా! అప్పుడే పద్ధతి పట్టేసింది. సోమవారం నుంచి పంపండి."

అది పద్ధతి కాదమ్మా, నా బిడ్డకు మాటే లేదు అని చెప్పబోయింది హన్నమ్మ. దేవరాజు అప్పటికే ఫారం అందుకున్నాడు.

తిరుగు బస్సులో కూడా పిల్ల వేలు తీయలేదు. "బలే నేర్చుకునిందే!" అని దేవరాజు మొదట నవ్వాడు. శిరివెళ్లలో ఉడకబెట్టిన చెనక్కాయలు కొనిచ్చాడు. సువార్త తల అడ్డంగా ఊపింది, వేలు అలాగే ఉంది. ఆళ్లగడ్డ వచ్చేసరికి అతని నవ్వు పోయింది.

ఇంట్లో ఏసమ్మ సంబరంగా జొన్నరొట్టెలు కాల్చి, పప్పు చేసి ఉంచింది. ప్రార్థనా చేసింది. అందరూ "ఆమెన్" అన్నారు. సువార్త కంచం ముందు నోటిమీద వేలేసుకుని కూర్చుంది.

"తినమ్మా," అంది ఏసమ్మ. పిల్ల కదలలేదు. దేవరాజు వేలు తీయబోతే పెదాలు ఇంకా గట్టిగా బిగించింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఆకలి మొహంలో కనిపిస్తోంది. అయినా నోరు తెరవదు.

హన్నమ్మకు భయం వేసింది. నాలుగేళ్లకు తెరుచుకున్న నోరు. మళ్లీ మూతబడితే తెరిచేదెవరు? నంద్యాల బడి చెడ్డది కాదు, అక్కడి పిల్లలంతా మాటలున్న పిల్లలు, నోరు మూసుకున్నా మళ్లీ తెరవగలరు. తన బిడ్డ అలా కాదు. ఆమె అత్త వైపు ఒకసారి చూసింది. రొట్టె తుంచి, పప్పులో అద్ది, పిల్ల ముందుకు చాపింది. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ పలకని మాట పలికింది.

"బిస్మిల్లా."

దేవరాజు తినబోయిన రొట్టె ముక్క అలాగే పట్టుకుని ఉండిపోయాడు. సువార్త తల్లి నోటివైపే చూసింది. వేలు కొంచెం కిందికి దిగింది, ఇంకొంచెం దిగింది.

"బిస్మిల్లా," అంది పిల్ల, ఆ ముద్ద అందుకుని. నమిలి మింగి, నానమ్మ వైపు తిరిగింది. ఏసమ్మ కంచంలో చెయ్యి పెట్టి బిగుసుకుపోయి ఉంది.

"అవ్వా," అంది సువార్త. "నువ్వు?"

ఆ పిలుపు కోసం నాలుగేళ్లలో ఏసమ్మ ఉండని ఉపవాసం లేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది, మనవరాలి వైపు చూసింది. తనకు వచ్చిన మాటే అంది.

"ఆమెన్."

పక్కనున్న చెంబెత్తి గడగడా నీళ్లు తాగింది. మూతి తుడుచుకుని కోడలితో, "రేపు పిల్లను బేగా లేపు. బాలవాడికి నేనే దిగబెట్టొస్తా," అంది.