డ్యూటీకెళ్ళిన చీర

రోజూ అన్నం వార్చగానే ఆ గంజిలో కూతురి తెల్లచీర ముంచడం మరిడమ్మకి అలవాటు. కూతురు యేసురత్నం రాజోలు అవతల ఓ లంకలో కాంట్రాక్టు నర్సమ్మ. ఇంటింటికీ తిరిగి మాత్రలివ్వాలి. చూసిన గుర్తుగా గుమ్మం పక్క గోడమీద సుద్దముక్కతో తారీఖూ, జ్వరాల లెక్కా వెయ్యాలి. ఆరేళ్ళలో లంకలో ఆమె సుద్ద పడని గోడ ఒక్కటే, ఆమెదే. నా ఇంటికి నేనే సర్వేకెళ్ళడమేమిటని నవ్వేసేది.

రెండువేల ఆరులో చికున్‌గున్యా వచ్చింది. ఊరికి ఊరే నడుం పట్టుకుని మూలిగింది. ఆసుపత్రిలో ఆరుగురుంటే నలుగురు మంచమెక్కేరు. దాంతో డాక్టరుగారు సెలవులన్నీ రద్దు చేసేసేరు. కాంట్రాక్టువాళ్ళు మూడ్రోజులు రాకపోతే ఉద్యోగం ఊడినట్టే. సరిగ్గా అప్పుడే యేసురత్నం కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయేయి.

"పర్మినెంటు ఆర్డరు ఇవాళో రేపో అంటున్నారే అమ్మా. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళకే, ఆబ్సెంటు వేసేస్తారు," అని ఏడిచింది.

మరిడమ్మ ఏం చేస్తుంది పాపం! కుండలో గంజంతా చీరకే పట్టించి ఆరేసింది. చీర దండెం మీంచి దిగి, కుచ్చిళ్ళు సర్దుకుని, మాత్రల సంచీ తగిలించుకుని డ్యూటీకెళ్ళిపోయింది.

"నర్సమ్మగారి చీరొచ్చిందండీ, మాత్రలు తీసుకోండి!" అని అరుగుల మీంచి కేకలేసుకున్నారు. అటెండరు సాలమోను హాజరుపట్టీ దాని ముందుకి జరిపేడు, సంతకం పెట్టింది. "ఆయ్, అందరికంటే ముందొచ్చేసిందండి," అని డాక్టరుగారితో మెచ్చుకున్నాడు కూడాను.

పది రోజులు అలాగే గడిచేయి. యేసురత్నానికి జ్వరం దిగలేదు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకోలేదు, మింగలేదు. పదో రోజుకి తల్లినే గుర్తుపట్టలేదు. అయినా మరిడమ్మ కూతురి మాట మీరలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం చీర ఇంటికొచ్చి లోపలికి రాలేదు. గుమ్మం పక్క గోడమీద తారీఖేసి, కింద "జ్వరం: ఒకటి" అని రాసింది.

"ఓసి నీ మొహం మండా, చెరిపెయ్యవే! దాని ఉద్యోగం పోతుందే!" అని మరిడమ్మ కొంగట్టుకు లాగింది. చీర కొంగు విదిలించుకుని, ఆ లెక్కతో మళ్ళీ ఆసుపత్రికెళ్ళింది.

సాయంత్రం డాక్టరుగారు జీపులో వచ్చేరు. గోడ చూసేరు, మంచం చూసేరు.

"చీర రోజూ వస్తోంది కదా, ఈ అమ్మాయి బాగానే ఉందనుకున్నామమ్మా."

"చీరకేమండి బాబూ," అంది మరిడమ్మ, "అది రోజూ గంజి తాగిందండి."

ఆయన సెలైను పెట్టేరు. తరవాత తలొంచుకుని పట్టీలో పదకొండు ఆబ్సెంట్లూ వేసేరు. యేసురత్నం బతికింది, ఉద్యోగం పోయింది. వేళ్ళు మాత్రం మళ్ళీ తిన్నగా చాపలేకపోయింది.

మర్నాడు మరిడమ్మ అన్నం వార్చింది. దండెం మీంచి చీర అలవాటుగా కొంగు చాపింది. మరిడమ్మ అటు చూడలేదు. గంజి గ్లాసులో పోసి, ఉప్పేసి, కూతురి తల తన ఒళ్ళోకి తీసుకుంది.

"చల్లారిపోతుంది, తాగవే తల్లీ," అంది.