చల్లని పొయ్యి

ఆడెలిన్ గేటును పక్కకు నెట్టి, మళ్లీ ట్రక్కు ఎక్కింది.

"పెద్దమ్మా, ‘దారి మూసివేయబడింది’ అని అంత పెద్ద అక్షరాలతో రాశారు కదే!" అన్నాడు చెల్లెలి కొడుకు క్లిఫర్డ్, స్టీరింగ్ వదలకుండానే.

"చదివాన్లే. అది రాసినవాడి తాత పుట్టకముందే మా నాన్న ఇక్కడ నడిచాడు. పోనీ!"

రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడా ఉత్తరాన చమురు గొట్టాల కోసం సైన్యం వేసి, కొన్నేళ్లకే వదిలేసిన దారి అది. వేసింది మాత్రం ఆడెలిన్ పుట్టిన కాస్కా తెగ వేటగాళ్ల కాలిబాట మీదే. సైనికుల లారీలు తుప్పుపట్టి పొదల్లో కలిసిపోయాయి. ఆడెలిన్ వాళ్లు మూస్ దుప్పుల వేటకు ఏటా వస్తూనే ఉన్నారు.

కిందటేడు తనిఖీకి వచ్చిన అధికారి దారి చివర వేటగాళ్లు దిగే గుడిసెలో పొయ్యి తెరిచి చూశాడు. బూడిద లేదు. ఈ దారిన ఎవరూ రావడం లేదని రాసుకుపోయాడు. సోమవారం మళ్లీ వస్తాడు. అదే మాట రాస్తే వాగు మీది వంతెన ఊడదీస్తారు. ఇక వేట లేదు.

వెళ్లేవాళ్లు బూడిద ఎత్తి, వచ్చేవాళ్ల కోసం కట్టెలు పేర్చి పోవడం అక్కడి పద్ధతి. మనుషులు లేకపోవడానికీ, మరొకరి కోసం చోటు సిద్ధం చేసి వెళ్లడానికీ తేడా అతనికి కనిపించలేదు. ఆడెలిన్‌కు కోపం కన్నా ముందు ఆశ్చర్యమే కలిగింది.

రాత్రి గుడిసెలో గడిపి, ఆదివారం ఉదయం బయలుదేరబోతుండగా క్లిఫర్డ్ గొణిగాడు.

"ఈ ఒక్కసారికి బూడిద ఉంచేద్దామే. వాడి కంట పడాలిగా."

"వాడి కంటి కోసం, తడిసి వణుక్కుంటూ వచ్చినవాడు పొయ్యి ఊడ్చుకోవాలా?"

"వంతెన పోతే వచ్చేదెవరు?"

ఆడెలిన్ పొయ్యి ముందు వంగింది. అతని మాటలో నిజముంది. తాను కాపాడుతున్నది పద్ధతినా, తన పంతాన్నా? ఆ ప్రశ్న తేలకుండానే ఆమె చేతులు పొయ్యిలో బూడిదను బకెట్టులోకి ఎత్తాయి, ఎండుపుల్లలు పేర్చాయి, పైన బెరడు ముక్క ఉంచాయి.

"బకెట్టు ట్రక్కులో పెట్టు. నా నడుం పట్టేసింది."

గేటు దగ్గర దిగి, బూడిదంతా ‘దారి మూసివేయబడింది’ అన్న ఆ బోర్డు కిందే కుమ్మరించింది. గాలికి ఎగరకుండా నీళ్లు పోసి, బూటుకాలు బలంగా అదిమి తీసింది. అడుగు అచ్చు నిలిచింది.

"నువ్వూ వెయ్యరా."

క్లిఫర్డ్ నవ్వి, పక్కనే తన కాలు మోపాడు. "గేటు మూసెయ్యనా పెద్దమ్మా?"

"తెరిచే ఉండనీ."