లెక్కలో తప్పించిన బిడ్డ

కోట్‌పల్లి నుంచి తాండూరు దాకా ఈరయ్యంత గుండె ధైర్యం గల మనిషి పుట్టలేదు. అనంతగిరి అడవి అంచున చిరుతపులి మంద మీద పడితే, భుజం మీది గొంగడి దాని మూతికి చుట్టి, చెవి పట్టుకుని, రెండు చెంపలూ వాయించి పంపినవాడు. ఆ చిరుత మళ్లీ ఆ దిక్కుకు రాలేదు. కావాలంటే గొర్రెలనడగండి.

అంతటి ఈరయ్యకు పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, ఒక చలికాలం పొద్దున, ఊరి బడి ముందర నిలబడితే కాళ్లు వణికాయి.

ఆయనకు నలుగురు పిల్లలు. రెండో బిడ్డ బుగ్గమ్మకు రెండేళ్లప్పుడు అమ్మవారు పోసి కళ్లు పోయాయి. ఎనిమిదేళ్లు వచ్చాక ఆ పిల్ల, అన్న బీరన్న చొక్కా అంచు పట్టుకుని బడికి పోయి గోడవారన కూర్చోవడం మొదలుపెట్టింది. వికారాబాద్ నుంచి వచ్చిన రాహేలమ్మ పంతులమ్మ ఆమెను పొమ్మనలేదు. తాండూరు నాపరాయి ముక్క మీద మేకుతో అక్షరాలు లోతుగా చెక్కి, పిల్ల వేలు పట్టుకుని ఆ గీతల్లో తిప్పించింది. మిగతావాళ్లు పలకల మీద దిద్దుతుంటే బుగ్గమ్మ రాయి తడుముకునేది. ఎక్కాలైతే అందరికంటే ముందు అప్పజెప్పేది. పక్కన కూర్చున్న సత్యమ్మ తప్పు చెబితే మోచేత్తో ఒక్క పోటు పొడిచేది కూడా.

అంతా బాగానే ఉందనుకుంటుండగా, ముందురోజు సాయంత్రం పంతులమ్మ గొర్రెల దొడ్డి దగ్గరికి వచ్చింది.

"ఈరయ్యా, రేపు తాండూరు నుంచి ఇన్‌స్పెక్టర్ సారు వస్తున్నడు. నీ బిడ్డ పేరు పట్టికల లేదు."

"ఎందుకు లేదమ్మా? మూడు నెలలసంది బడికే వస్తుండె గద!"

"ఎండకాలంల ఇల్లిల్లు తిరిగి పిల్లల లెక్క రాసుకున్న గద. అప్పుడు నువ్వు ముగ్గురే అన్నవు. పేర్లు గూడ ముగ్గురివే చెప్పినవు. వేలిముద్ర ఏసినవు."



ఈరయ్య ఇంట్లో తాతలనాటి అలవాటొకటి ఉంది. గొర్రెలెన్ని అని ఎవరడిగినా ఉన్న లెక్క చెప్పరు. ఒకటి తగ్గిస్తారు. అన్నిటికంటే ముద్దైనదాన్నే పక్కకు తప్పిస్తారు, దిష్టి దాని జోలికి పోకుండా. ఈరయ్య నాయిన భీమప్ప ఒకసారి తాండూరు సంతలో కల్లు నిషా మీద ఉన్న లెక్క ఉన్నట్టు అనేశాడు. నెల తిరగకముందే రోగమొచ్చి సగం మంద పోయింది. అప్పటి నుంచి ఈరయ్య గొర్రెలనే కాదు, పిల్లల్ని కూడా ఒకటి తగ్గించే చెబుతున్నాడు.

"లెక్కల లేని పిల్లను బడిల ఎట్ల కూసోబెట్టుకున్నవని సారు నన్నడుగుతడు. దాన్ని ఇంటికి పంపుమంటడు. పొద్దుగాల వచ్చి నీ నోటితోని నలుగురని చెప్పు. అంతే" అంది పంతులమ్మ.

అంతే అన్న మాట ఎంత బరువో ఆమెకేం తెలుసు?

ఆమె పోయాక భార్య రుక్కమ్మ అడిగింది. "చెప్తవా?"

"చెప్తే పిల్లలల్ల ఎవలికన్న ఏమన్నయితే?"

"చెప్పకుంటే దానికి బడి పోతది."

"నువ్వొచ్చి చెప్పరాదు జర."

"నా నోటికి రాదయ్యా. కన్నదాన్ని."

ఇక్కడ ఒక మాట సరిదిద్దుకోవాలి. చిరుత అన్నానే, అది చిరుత కాదు, నక్క. అదీ ముసలిది, నోట్లో పళ్లు లేనిది. దాన్ని చీపురుతో తరిమింది రుక్కమ్మ. ఈరయ్య ఆ సమయానికి వేపచెట్టు మీద ఉన్నాడు.

అందుకే బడి ముందర ఆయన కాళ్లు వణకడంలో వింతేమీ లేదు. ఇన్‌స్పెక్టర్ రైలు దిగి, ఎవరిదో సైకిల్ మీద వచ్చాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. పట్టిక చూశాడు, గోడవారన పిల్లను చూశాడు.

"ఈ అమ్మాయి పేరు ఇందులో లేదే?"

"ఈరయ్య బిడ్డ సార్. కళ్లు కనపడవు. మంచిగ చదువుతది" అంది రాహేలమ్మ.

"కనపడకుండా ఏం చదువుతుందండీ? ఇలాంటివాళ్లకి పట్నంలో వేరే బడి ఉంది కదా."

"ఆ బడి పట్నంల ఉన్నది సార్. పిల్ల గీడ ఉన్నది."

పంతులమ్మ కొత్తగా చెక్కిన రాయి ఒకటి పిల్ల ఒళ్లో పెట్టింది. బుగ్గమ్మ వేలు గీతల వెంట నిదానంగా పాకింది. కిటికీ అవతల నుంచి ఈరయ్య తొంగి చూస్తున్నాడు.

"మర్పల్లి!" అంది బుగ్గమ్మ. "మా అమ్మమ్మ ఊరు!"

పిల్లలంతా గొల్లున నవ్వారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం ఆ రాయిని తీసుకుని, కళ్లు మూసుకుని, తన వేలితో ఒకసారి తడిమి చూశాడు. ఆయనకేమీ తెలియలేదు. రాయి తిరిగి ఇచ్చేసి ఈరయ్యను లోపలికి పిలిచాడు.

"నీకెంతమంది పిల్లలయ్యా?"

ఈరయ్య నోరు తెరిచాడు. నాలుక మీదికి అలవాటే ముందొచ్చింది.

"ముగ్గురు సార్."

రాయి మీద బుగ్గమ్మ వేలు ఆగిపోయింది.

"నాయినా, నేను లెక్కల లేనా?"

"చూపు లేని పిల్లని సిగ్గుపడి దాచావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సిగ్గా!" ఈరయ్య బిడ్డ వైపు చెయ్యి చూపాడు. "సిగ్గుకు గాదు సార్. మందల అన్నిటికంటె మంచి గొర్రెనే మేం బయటికి చెప్పం. దాన్నే తప్పిస్తం. గిది నాకు గట్ల."

 ఇన్‌స్పెక్టర్ కలం మూత తీశాడు. "నువ్వు చెబితేనే నేను రాయగలను."

ఈరయ్య ముందు వరుసలో బీరన్నను చూశాడు. ఇంటి దగ్గరున్న చిన్నవాళ్లిద్దరూ కళ్లలో మెదిలారు. వీళ్లలో ఎవరి మీదికి వస్తుందో! 

"న... నలుగురు సార్." అన్న మాట వెనక్కి రాదు కదా అని మళ్లీ గట్టిగా అన్నాడు. "నలుగురు!"

సిరా అంటిన బొటనవేలితోనే ఆయన ఇంటికి ఉరికాడు. గొంగడి కింద నిద్రపోతున్న చిన్నదాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి ఆడుతోంది. మూడోవాడు దొడ్లో గొర్రెపిల్ల తోక పట్టుకుని లాగుతున్నాడు.

"అందరున్నరా?"

"యాడికి పోతరు?" అంది రుక్కమ్మ.

"నలుగురని చెప్పొచ్చిన." ఈరయ్య కూలబడ్డాడు.

రుక్కమ్మ ముసిముసిగా నవ్వింది. "ఫికర్ చెయ్యకు. నువ్వు ఒకటి తగ్గించే చెప్పినవు" అంటూ ఆయన చేతిని తీసి తన కడుపు మీద పెట్టుకుంది.

ఇక్కడితో ఆపితే ఎంత బాగుండేది! కానీ ఒప్పుకోక తప్పదు. రుక్కమ్మ కడుపు సంగతి నేను కల్పించింది. ఆ రోజు ఆమె నవ్వలేదు. బడి విడిచేదాకా ఇద్దరూ గడపలో కూర్చుని, బీరన్న చొక్కా పట్టుకుని బుగ్గమ్మ వచ్చే దారి చూశారు. ఆ ఏడంతా ఈరయ్య పొద్దున లేస్తూనే నలుగురి తలలూ ఒక్కొక్కటిగా తడిమి చూసేవాడు, బిడ్డ రాయి తడిమినట్టు. అంత భయంలో ఆ మనిషిని వదిలెయ్యడానికి నాకు మనసొప్పలేదు, అందుకే ఒక బిడ్డనిచ్చాను.

మిగతాదంతా జరిగిందే. నక్కకు మాత్రం పళ్లు ఒకటో రెండో ఉండేవేమో, దగ్గరికి పోయి చూసిందెవరు?