ఆ తల మీద తొలి చెయ్యి

బాలకిషన్ రామచంద్రం గారి గడ్డానికి నురగ పట్టించి, కొత్త బ్లేడును సగానికి విరిచి కత్తిలో పెట్టుకున్నాడు. తండ్రి పోయిన నాటి నుంచి చిక్కడపల్లిలోని ఈ ఇరుకు షాపే ఆయన లోకం. నిలబడి నిలబడి నడుము వంగింది, వేళ్ల కణుపులు ముదిరాయి. చెయ్యి మాత్రం వణకదు.

గుమ్మంలో ఒక తల్లి, అయిదేళ్ల పాప వచ్చి నిలబడ్డారు.

"గుర్తుపట్టినవా అన్నా? నారాయణగూడ దవాఖానల మా రచనకు నువ్వే గుండు చేసినవ్."

ఎందుకు గుర్తుండదు! ఎన్ని మందులు మార్చినా లొంగని మూర్ఛ ఆ పాపది. అప్పట్లో రోజూ ఫిట్సే. వచ్చిన మాటలు కూడా పోతున్నాయి. మెదడులో మూర్ఛ పుట్టే చోటును తీసేస్తామన్నారు డాక్టర్లు. కుడిచెయ్యి బలహీనపడొచ్చనీ దాచకుండా చెప్పారు. నిరుడు, ఆపరేషన్‌కు ముందురోజు, బాలకిషన్‌ను పిలిపించారు. సగం గీసేసరికి పాప ఒళ్లు బిగుసుకుంది. ఆయన చటుక్కున కత్తి తీసేసి, పాపను పక్కకు తిప్పి, అరచెయ్యి తల కింద పెట్టాడు. ఆ చేతిలోనే తల కొట్టుకుంది.

"మాకీ ఆపరేషనొద్దు, ఇంటికి తీస్కపోత," అని తల్లి ప్రభావతి గోడకు మొహం ఆనించి ఏడ్చింది.

పాప ఒళ్లు సడలింది. ప్రభావతి చాలాసేపు బిడ్డను చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "మిగిలింది గూడ చెయ్యన్నా," అంది.

"ఇప్పుడెట్లున్నదమ్మా?" గుమ్మంలో నిలబడ్డ పాపను చూస్తూ అడిగాడు బాలకిషన్.

"ఆపరేషనైన కాన్నుంచి ఒక్కసారి గూడ ఫిట్స్ రాలే. వాళ్ల డాడీకి కరీంనగర్ ట్రాన్స్‌ఫరైంది, ఇయ్యాలనే పోతున్నం. అక్కడ బళ్లె ఏస్తం. జర మంచిగ కట్ చెయ్యి."

"ముందు పాపను చూడవయ్యా," అంటూ రామచంద్రం గారు నురగ గడ్డంతోనే లేచి బల్ల మీద కూర్చున్నారు.

కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క పలక వేసి బాలకిషన్ పాపను కూర్చోబెట్టాడు. వంపు తిరిగిన మచ్చ పైకి జుట్టు దువ్వి, అది కనబడకుండా ఓపికగా కత్తిరించాడు.

"డాక్టర్ల పనితనం గొప్పదోయ్," అన్నారు రామచంద్రం గారు.

"గొప్పదే సార్. గని ఈ తల మీద ముందుగల్ల పడ్డ చెయ్యి నాది," అన్నాడు బాలకిషన్, ఛాతీ పొంగుతుంటే.

ఆటో ఎక్కి రచన కుడిచెయ్యి బయటికి చాపి ఊపింది. "టాటా తాతా!"

ఆటో అశోక్‌నగర్ వైపు తిరిగేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపల అద్దం ముందు, పాప తలలోంచి తీసిపెట్టిన ఎర్ర క్లిప్పు, రెండు మెత్తని వెంట్రుకలను పట్టుకుని అలాగే ఉంది.