నడిమి ట్రే

సూర్యప్రభకు ఇప్పుడు ఆ నడిమి ట్రేని చూస్తేనే రోత. ఊళ్లలోని జీపీలు, అంటే ఫ్యామిలీ డాక్టర్లు, రోగుల గురించి రాసి పంపిన ఉత్తరాలను ఆ ఐర్లాండ్ ఆసుపత్రిలో మంగళవారం మంగళవారం మూడు ట్రేలలోకి ఏరతారు. 'అర్జెంట్' అయితే నెలలోపల పిలుపు. 'రొటీన్' అయితే ఏళ్లు పట్టినా అడిగేవాడుండడు. మధ్యలోది 'సూన్'. అంటే త్వరలో. ఎంత త్వరలోనో ఆ పైవాడికే తెలియాలి. పిలుపు వచ్చేదాకా ఉత్తరం ఆ ట్రేలోనే పడి ఉంటుంది.

ఏడాదిన్నర కిందట గుంటూరు నుంచి వచ్చి డాక్టరు ఉద్యోగంలో చేరగానే సీనియర్ జానకిరామ్ కిటుకు చెప్పాడు. "అన్నీ అర్జెంటుల వేస్తె పెద్ద డాక్టరు గరమైతడమ్మా. జర డౌటున్నయన్నీ సూన్ల పారెయ్. ఎవ్వరేం అనరు."

పెద్దల మాట చద్దిమూట కదా! పారేసింది. ఇన్నాళ్లూ ఎవరి కడుపులో చల్లా కదల్లేదు.

ఇవాళ కదిలింది. ఎదురుగా నేస్ అనే ఊరి నుంచి వచ్చిన కీహో అనే పెద్దాయన టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఆరేళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. పోయిన వారం గొంతులోంచి కెమెరా దింపి చూస్తే అన్నవాహికలో కాన్సర్. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. ఫైలు అడుగున పద్నాలుగు నెలల నాటి జీపీ ఉత్తరం ఉంది. రొట్టె మింగుడుపడటం లేదనీ, ఆరు కిలోలు తగ్గాడనీ అందులో స్పష్టంగా రాసి ఉంది. మెడిసిన్ చదువుకునే పిల్లలైనా దాన్ని అర్జెంటులో వేస్తారు. 'సూన్' గడిలో నీలం టిక్కు. దాని కింద ఎస్.పి. అని ఆమె పొడి అక్షరాలు.

గదిలోకి వచ్చే ముందు జానకిరామ్ హెచ్చరించనే హెచ్చరించాడు. "ఆ పాత లెటర్ సంగతి ఎత్తకు. సిస్టం లేటయ్యిందని చెప్పు, అయిపాయె. ఉన్న లైసెన్సు పోగొట్టుకుంటవా?"

ఆమె కీహో చేతి మీద చెయ్యి వేసి జబ్బు సంగతి చెప్పింది. ఆయన టోపీ అంచు తడుముకున్నాడు.

"సూన్ పిలుస్తామని మీరు కాగితం పంపారు. ఫ్రిజ్ మీద అంటించుకున్నాను" అన్నాడు. "వెయ్యేళ్ల కిందట ఆ మాటకు అర్థం ఏమిటో తెలుసా, డాక్టర్? తక్షణం అని. ఆ మాట అన్నవాడు అప్పటికే లేచి నిలబడేవాడు. తర్వాత్తర్వాత జనం ఆ మాట అనేసి కూర్చోవడం మొదలుపెట్టారు. అర్థం మార్చింది పండితులు కాదు, బద్ధకస్తులు. పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి, నవ్వేవాళ్లు."

సూర్యప్రభకు నవ్వు రాలేదు. మొహం పక్కకు తిప్పుకుంది.

"మీరేం బాధపడకండి. యూ ఆర్ గ్రాండ్" అన్నాడాయన, ఏం ఫర్వాలేదనడానికి ఐరిష్ వాళ్లు వాడే మాట. " ఎవరో ఆఫీసులో కూర్చుని టిక్కు పెట్టి ఉంటారు. మీరు కాదుగా."

"అవునండీ, మా సిస్టం..." అంది ఆమె. నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది. కానీ ఆ మాట నోట్లో కుళ్లిన కూరలా తగిలింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. చావు కబురు విన్న మనిషి తనను ఓదారుస్తున్నాడు, తను ఓదార్పించుకుంటోంది!

ఫైలు అడుగునున్న ఉత్తరం తీసి ఆయన వైపు తిప్పింది. "ఆ టిక్కు నాదేనండీ. ఆ అక్షరాలు నావి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఉత్తరమంతా నిదానంగా చదివాడు. ఆమె చేతి కింద నుంచి తన చెయ్యి తీసేసుకున్నాడు. ఈసారి గ్రాండ్ అనలేదు.

"ఆ ట్రేలో ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"లెక్క తెలియదండీ."

"అయితే నా దగ్గర కూర్చుని ఏం చేస్తున్నారు? ఇంటికెళ్లే దారి నాకు తెలుసు" అని టోపీ పెట్టుకుని లేచాడు.

ఆఫీసు గదిలో ఆమె నడిమి ట్రేని రెండు చేతులా ఎత్తి బల్ల మీద బోర్లించింది. జానకిరామ్ కంగారుగా దగ్గరికొచ్చాడు. "ఏం జేస్తున్నవమ్మా? నీకేమన్న పిచ్చా?"

అట్టడుగున ఉన్న ఉత్తరం అన్నిటికంటే పైకొచ్చింది. దాని మీద పదహారు నెలల నాటి తేదీ, నీలం టిక్కు, కింద ఎస్.పి. ఆమె ఆ ఉత్తరంలోని రోగి ఫోన్ నంబరు నొక్కింది. అవతల గంట మోగుతూనే ఉంది.